కుడి వెనక చక్రం

1941 ఎండాకాలం. కామారెడ్డి స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో నా మోటారు షెడ్డు ఉండేది. రేకుల కప్పు, కారు కిందికి దిగి పని చేయడానికి ఒక గుంత, రెండు జాకీలు, ఒక కొలిమి. సికింద్రాబాదు వర్క్‌షాపులో ఎనిమిదేళ్లు పని నేర్చుకుని వచ్చినవాణ్ణి కాబట్టి చుట్టుపక్కల ఏ కారు ఆగిపోయినా నాకే కబురు వచ్చేది. ఆ సంగతి ఇతరులకంటే ముందు నేనే చెప్పుకునేవాణ్ణి.

అప్పట్లో ఎల్లారెడ్డి సర్కారు దవాఖానాకు ఒక యువ డాక్టరు వచ్చాడు. ఆయన దగ్గర పాత స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. హైదరాబాదులో ఎవరో నవాబు కొడుకు మోజు తీరాక అమ్మేస్తే కొన్నాడట. ఆ కారుకు మామూలు రేకు చక్రాలు కావు. సైకిలు చక్రం మాదిరిగా సన్నని ఇనుప స్పోకులతో అల్లిన చక్రాలు. నున్నటి రోడ్ల మీద పరుగెత్తడానికి చేసినవి మా మొరం దారుల మీద ఎన్నాళ్లని నిలుస్తాయి? వెనక రెండింటి అంచులూ పగిలాయి. ఒకసారి అతికి ఇచ్చాను. రెండోసారి అతుకు నిలవదని చెప్పేశాను.

బొంబాయికి ఉత్తరం రాస్తే, యుద్ధం ముగిసేదాకా ఆశ పెట్టుకోవద్దని జవాబు వచ్చింది. డాక్టరు ఆ కాగితం నా చేతికిచ్చి గుంత గట్టు మీద కూర్చున్నాడు. వారం కింద పిట్లం వైపు ఒక పల్లెలో కాన్పు కష్టమైందని కబురు వస్తే, కారు లేక ఎడ్లబండి మీద వెళ్లాడట. చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

“కొత్తయే కావాలని లేదు మేస్త్రీ. వాడినయైనా సరే, ఎక్కడన్న దొరుకుతయా చూడు. రెండు నెలలల్ల వానలు పడుతయి,” అన్నాడు.

అటువంటి చక్రాలున్న కారు మా ప్రాంతంలో ఇంకొకటే ఉండేది. ఒక దొరది. ఏడాదిన్నర క్రితం లింగంపేట దాటాక మలుపులో, వాగు మీది మోరీ గోడకు కొట్టుకుని బోల్తా పడింది. దాన్ని నడిపిన డ్రైవరు పౌలు అక్కడే చనిపోయాడు. కల్లు తాగి నడిపాడని దొర చెప్పాడు. ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను. కారు ఇంజను వడ్ల గిర్నీకి వెళ్లింది, రేకులు పాత ఇనుము కింద పోయాయి. నాలుగు చక్రాలను మాత్రం బండి చేసుకొమ్మని దొర పౌలు తండ్రికి పంపించాడు. అవి ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాయని విన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సులో లింగంపేట వెళ్లాను. పౌలు తండ్రి మత్తయ్య మిషన్ బడిలో వడ్రంగం నేర్చుకున్న మనిషి. ఆ వైపు చర్చిల్లో బెంచీలు చాలావరకు ఆయన చేతి పనే. గడప దగ్గర ఆయన కోడలు, పౌలు భార్య రూతమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వచ్చిన పని చెబితే ముసలాయన బేరం ఆడలేదు. వెనక కొట్టంలోకి తీసుకుపోయి తాటాకులు పక్కకు లాగాడు.

“నాలుగూ తీస్కపో బిడ్డా. బండి చేసుకొమ్మన్నరు గని, నాకు చెయ్యి రాలే. మాట తప్పిన కొడుకు సొమ్ము నాకెందుకు?”

ఆ మాటకు అర్థం ఆయనే చెప్పాడు. పెళ్లినాడు పౌలు, జన్మలో కల్లు ముట్టనని చర్చిలో తండ్రి చెయ్యి పట్టుకుని మాటిచ్చాడట. ఆ మాట తప్పి చచ్చాడని ముసలాయన కొడుకు సమాధి మీద సిలువ కూడా పెట్టలేదు. ఊరికంతా బెంచీలు చేసిన చేతులు అవి.

పాత చక్రం కొనేటప్పుడు తెలియనివాళ్లు రంగు చూస్తారు, కొంచెం తెలిసినవాళ్లు స్పోకులు లెక్కపెడతారు. అసలు చూడవలసింది మధ్యభాగం. దాన్ని హబ్ అంటాం. ఇటువంటి చక్రాలకు హబ్ లోపల చుట్టూ పళ్లుంటాయి. ఇరుసు మీదా అలాంటి పళ్లే ఉంటాయి. ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే చక్రం ఇరుసుతో కలిసి తిరుగుతుంది, బ్రేకుకు ఆగుతుంది. బయటినుంచి ఒకే పెద్ద నట్టు బిగిస్తాం. పళ్ల కొనలు చదునుగా ఉంటే చక్రం మంచిది. కత్తి అంచులా సన్నబడితే అది ప్రాణాంతకం. చక్రం విప్పి వేలు పెట్టి చూస్తే తప్ప తెలియదు.

మొదటి మూడు చక్రాల్లో పళ్లు బాగానే ఉన్నాయి. నాలుగోదాంట్లో వేలు పెడితే చర్మం కోసుకుంది. పళ్లు అరిగిపోయి, ఒక వైపు పూర్తిగా చెక్కుకుపోయి ఉన్నాయి. వెలుతురులోకి తెచ్చి తిప్పాను. తుప్పు పట్టిన స్పోకుల మధ్య రెండు స్పోకులు కొత్తగా మెరుస్తున్నాయి. అవి నేను వేసినవే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రమాదానికి నెల ముందు పౌలు కారు తీసుకుని నా షెడ్డుకు వచ్చాడు. బ్రేకు తొక్కినప్పుడూ వదిలినప్పుడూ కుడి వెనక చక్రంలో టక్కుమంటోందన్నాడు. నేను చక్రం విప్పలేదు. కూర్చుని స్పోకులు మీటి చూశాను. రెండు విరిగి ఉంటే మార్చి, మిగతావి బిగించి, అయిపోయిందన్నాను. అతను వెళ్లకుండా నిలబడ్డాడు.

“ఇది స్పోకుల సప్పుడు గాదు మేస్త్రీ. లోపట్నుంచి వస్తున్నది,” అన్నాడు.

“నడిపేది నువ్వు, బాగుచేసేది నేను,” అన్నాను. అక్కడున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. పౌలు తల వంచుకుని కారెక్కాడు.

ఆ చక్రాన్ని తిరిగి కొట్టంలో తాటాకుల మీద పెట్టేశాను. ముసలాయన ఏమైందని అడిగాడు. స్పోకులు పాడైనయి, ఇది పనికిరాదు, మూడు చాలు అన్నాను. డాక్టరు పంపిన సొమ్ము ఆయన చేతిలో పెట్టి, చక్రాలు ఒక బండిలో వేయించుకుని ఎల్లారెడ్డి బయలుదేరాను. దారిలో ఆ మోరీ వచ్చింది. తల పక్కకు తిప్పుకున్నాను.

దవాఖానా ఆవరణలో రెండు చక్రాలు వెనక బిగించి, మూడోది స్టెప్నీ కింద కట్టాను. డాక్టరు సంతోషంగా కారు ఒక చుట్టు తిప్పి వచ్చి, నాలుగోది కూడా తెస్తే బాగుండేది కదా అన్నాడు. ఆయన మామూలుగానే అడిగాడు. నేను చేతిలోని పానా కింద పెట్టాను. ఉన్నదంతా చెప్పేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు. తప్పు పట్టలేదు, ఊరడించనూ లేదు.

“నాకు చెప్తే ఏమొస్తది మేస్త్రీ? వినాల్సినోళ్లు లింగంపేటల ఉన్నరు,” అన్నాడు.

ఆ రాత్రి ఎల్లారెడ్డిలోనే ఉండిపోయాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే నా షెడ్డుకు కారు వస్తుందా అనే భయం ఒకటి, పౌలు తాగాడని దొర చెప్పినదాన్ని కాదన్నట్టు అవుతుందనే భయం ఇంకొకటి. కానీ నా మీద పడవలసిన మాట ఒక చచ్చినవాడు మోస్తున్నాడని తెలిశాక నిద్ర ఎక్కడిది?

పొద్దున డాక్టరే తన కారులో లింగంపేట దాకా దింపాడు. ఇంట్లోకి రాలేదు, దూరంగా ఆగాడు. నేను కొట్టంలోంచి ఆ చక్రం తెచ్చి మత్తయ్య ముందు పెట్టి, పళ్లు చూపించాను. మలుపులో బ్రేకు వేసినప్పుడు చక్రం పట్టు తప్పి ఊడి ఉంటుందని, ఎంత బాగా నడిపేవాడైనా ఆపలేడని చెప్పాను. పౌలు నా దగ్గరికి వచ్చిన సంగతీ, నేనన్న మాటా దాచలేదు.

ముసలాయన వడ్రంగి కదా, ఎక్కువ చెప్పనక్కరలేకపోయింది. హబ్‌లో వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు: “నాకు చెప్పినట్టే, మా కోడలికి గూడ చెప్పు.”

రూతమ్మ అంతా వినే ఉంది. అయినా మళ్లీ చెప్పాను. చాటలో ఆమె చేతులు ఆగిపోయాయి.

“అంటే, ఆయన తాగలేదా అన్నా?”

“అది నాకు తెల్వదమ్మా. తాగినా తాగకున్నా ఈ చక్రం ఊడేదే.”

“ఆయన తాగలే. నాకు తెలుసు. ఎవరూ అడగలే నన్ను.” నా వైపు తిరిగి అడిగింది. “ఆనాడు నువ్వు విప్పి చూస్తే బతికేటోడా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర రెండు జవాబులు లేవు.

“బతికేటోడే,” అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆకు కత్తిరించే కత్తెర చేతిలోకి తీసుకుని, “ఇగ పో అన్నా,” అంది. క్షమించిందని నేను ఏనాడూ అనుకోలేదు. అడిగే హక్కు కూడా నాకు లేదు.

ఆ ఆదివారం మత్తయ్య చర్చిలో అందరి ముందు నిలబడి, నా కొడుకు మాట తప్పలేదని చెప్పాడట. నెల తిరక్కుండానే టేకు చెక్కతో సిలువ చేసి పెట్టాడని డాక్టరు చెబితే తెలిసింది. దొర ఇంటి నుంచి నాకు మళ్లీ పని రాలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా తమ కార్లు నిజామాబాదు తీసుకుపోయారు. ఆ ఏడాది షెడ్డులో చాలా రోజులు పంపుసెట్లతోనే గడిచాయి. డాక్టరు కారు మాత్రం వానాకాలమంతా తిరిగింది. ఎన్ని కాన్పులకు వేళకు చేరిందో నేను లెక్క అడగలేదు.

ఈ అనుభవం చక్రాలు విప్పి చూడాలని నేర్పిందని కొందరు అనుకుంటారు. అది నాకు సికింద్రాబాదులో మొదటి ఏడాదే నేర్పారు. తెలియక చేసిన తప్పు కాదది. ఖాకీ చొక్కా వేసుకున్న డ్రైవరుకు నాకంటే ఎక్కువ ఎలా తెలుస్తుందనుకోవడం వల్ల జరిగింది. రోజంతా ఆ బండిలో కూర్చునేది అతను. దాని చప్పుళ్లు అతని ఒంటికి తెలుస్తాయి, నాకు పనిముట్లు మాత్రమే తెలుసు.

అప్పటి నుంచి ఎవరు బండి తెచ్చినా ముందు పానా పట్టుకోను. డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, ఊరి చివరి దాకా నడపమంటాను. “నీకేం వినపడుతున్నదో చెప్పు,” అంటాను. అతను చెప్పడం అయిపోయేదాకా నేను మాట్లాడను.