మంత్రసాని పోసిన నీళ్ళు

మొన్న ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలంలో ఒక ఆదివారం, మా గుడికి కొత్తగా వచ్చిన చిన్న వయసు ఫాదరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, ముందు చాప మీద కూర్చున్న పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. "జ్ఞానస్నానం ఎవరివ్వొచ్చు?" అని. ఒకడు ఫాదరుగారన్నాడు. ఒక పిల్ల బిషప్పుగారంది. ఇంకొకడు అందరికంటే తెలివిగా పోపుగారన్నాడు. చెవుడు వచ్చిన దగ్గర్నుంచి నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియడం లేదు. వెనక బెంచీలో నా మటుకు నేను అనుకుంటున్నాననుకుని, "మంత్రసాని" అన్నాను. గుడంతా నవ్వింది. ఫాదరుగారు కూడా నవ్వి, "అవ్వ చెప్పింది నిజమే, అవసరమైతే ఎవరైనా ఇవ్వొచ్చు" అని తన ప్రసంగంలోకి వెళ్ళిపోయారు. ఆ మాట ఆయన నోట ఎంత తేలిగ్గా దొర్లిందో చూసి నేను ఆశ్చర్యపోయాను. దాన్ని మా ఊళ్ళో నిలబెట్టడానికి ఒక పూటంతా పట్టింది. ఆ పూటంతా నేను గుడి మెట్ల మీద కూర్చున్నాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు.

నన్నిచ్చిన ఊరు చిట్టమూరు వైపు, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల. అరవైల మొదట్లో అక్కడ మేము ముప్ఫై గడపల కథోలికులం. తక్కినవాళ్ళంతా వరి పండించుకునే హిందూ రైతులు. ఇసుక దిబ్బలు దాటితే చేపలు పట్టేవాళ్ళ పాళెం. మాకు పెంకుల కప్పుతో చిన్న గుడి ఉండేది, దాని వెనక కంచె వేసిన సమాధుల తోట. స్వాములవారు, ఇప్పుడు ఫాదరుగారంటున్నాం, పది మైళ్ళ అవతల పెద్ద ఊళ్ళో ఉండి, నెలకు రెండుసార్లు వచ్చి లాటిన్‌లో పూజ చెప్పి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ ఉపదేశిగారివి. జపం చెప్పించడం, పిల్లలకు మతపాఠం నేర్పడం, తపస్సు కాలపు శుక్రవారాల్లో, యేసు సిలువ మోసిన దారిని పద్నాలుగు స్థలాలుగా తలుచుకునే సిలువ మార్గం నడిపించడం ఆయన పని. ఆ నలభై రోజులూ మాంసం ముట్టకూడదని మా ఇంట్లో నియమం. చేపలు తినొచ్చు. సముద్రం పక్కన కాపురముండి, మాంసం మానేసి వంజరం పులుసు తినడం తపస్సు ఎట్లా అవుతుందని మా అత్తకు అనుమానం వచ్చి, చేపలు కూడా మానేసింది. అదీ చాలక ఆకూవక్క మానేసింది. ఆ ఆకూవక్క మానేసినందువల్ల నలభై రోజులూ తపస్సు చేసింది మాత్రం ఇంట్లో మిగతావాళ్ళం. ఉప్పు తక్కువైందని ఒకసారి, ఎక్కువైందని ఒకసారి, సరిగ్గా ఉంటే ఎందుకుందని ఒకసారి నా మీద ఎగిరేది.

మా ఊరికీ, పాళేనికీ, చుట్టుపక్కల మూడు ఊళ్ళకీ మంత్రసాని ఒక్కతే. పాళెం మనిషి. రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు, మోచేతుల దాకా పచ్చబొట్లు, నోట్లో ఎప్పుడూ ఆరని పొగాకు. అందరం అవ్వా అనే పిలిచేవాళ్ళం. ఏ గడపలోకైనా ముందు పోలేరమ్మను తలుచుకునే అడుగు పెట్టేది. నేను కాపురానికి రాక ముందు, స్వాములవారే ఆమెను గుడి వరండాలో కూర్చోబెట్టి ఒక సంగతి నేర్పారట. కథోలికుల ఇంట్లో పుట్టిన బిడ్డ బతికేట్టు లేకపోతే, ఆయన వచ్చేదాకా ఆగకుండా, తలమీద నీళ్ళు పోస్తూ ఫలానా మాటలు చెప్పాలని, అదే జ్ఞానస్నానమని. అవ్వకు చదువు రాదు. నీళ్ళు పొయ్యడం, మాటలు చెప్పడం రెండూ ఒకేసారి జరగాలంటే ఆమెకు కుదిరేది కాదు; నీళ్ళు అయిపోయేవి, మాటలు మిగిలిపోయేవి. చివరికి స్వాములవారు వంటవాడి దగ్గర్నుంచి ఒక సొరకాయ తెప్పించి ఆమె ఒళ్ళో పెట్టారు. ఆ సొరకాయకు పదకొండుసార్లు నీళ్ళు పోశాక పాఠం వచ్చింది. ఆ తరువాత ఆ సొరకాయను కూరొండుకోవడం పాపమా కాదా అని ఊళ్ళో చాలా రోజులు వాదన జరిగిందని మా అత్త చెప్పి నవ్వేది. ఈ సంగతి నవ్వుకోవడానికే పనికొస్తుందని నేనూ అనుకున్నాను.

నాకు తొలి కాన్పు. తపస్సు కాలం మూడో వారంలో, ఇంకా నెల గడువుండగానే నొప్పులొచ్చాయి. ఒక శుక్రవారం తెల్లవారుతుండగా మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. అవ్వ వాణ్ణి తలకిందులుగా పట్టుకుని తట్టింది, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేసింది, వీపు రుద్దింది. సన్నగా, పిల్లికూన లాగా ఒక ఊపిరి తీశాడు. అవ్వ ముఖం చూస్తే నాకు అర్థమైంది.

"అవ్వా, నీళ్ళు పొయ్యి," అన్నాను.

"పేరు చెప్పు బిడ్డా."

చనిపోయిన మా నాయన పేరు చెప్పాను. ఆమె చెంబు అందుకుని, వాడి తలమీద సన్నగా ధార పోస్తూ, ఒక్క మాట కూడా తడబడకుండా పిత, పుత్ర, పవిత్రాత్మల పేరున జ్ఞానస్నానం ఇచ్చింది. నీళ్ళకు వాడు కనుబొమలు ముడిచాడు. వాడు ఈ లోకంలో ఎవరి మీదనైనా విసుక్కున్నది ఆ ఒక్కసారే. పొద్దు పొడిచేలోపల పోయాడు.

ఉపదేశిగారు వచ్చారు. ఆయన మా ఊరికి వచ్చి ఏడాదే అయింది. తెల్లగా ఉతికిన పంచె, చంకలో జపాల పుస్తకం, ఎవరితోనూ అనవసరంగా మాట్లాడని మనిషి. వాకిట్లో నిలబడి జరిగిందంతా మా ఆయన దగ్గర విన్నారు. విని, "పోలేరమ్మకు మొక్కే చేత్తో పోస్తే అది జ్ఞానస్నానం కాదు. బిడ్డను కంచె అవతల పెట్టాలి," అన్నారు.

కంచె అవతలంటే తుమ్మకంప వైపు. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళనీ, ఉరేసుకున్నవాళ్ళనీ అక్కడ పెట్టేవాళ్ళు. సిలువ గుర్తు ఉండదు, జపం ఉండదు. ఆ పిల్లలు మోక్షంలోకి పోరని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. స్వాములవారే అవ్వకు నేర్పారని మా ఆయన గొణిగాడు. తనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదని, చెప్పినా తను నమ్మనని ఉపదేశిగారు అన్నారు. మా ఆయన తల దించుకున్నాడు. గడ్డపార కోసం దొడ్లోకి వెళ్ళబోతుంటే లోపల్నుంచి నేను కేక వేశాను.

"గడ్డపార కాదు, సైకిలు తియ్యి. పోయి సామిని పిలుచుకుని రా. ఆయన వచ్చి చెప్పేదాకా నా బిడ్డని ఎవురూ ముట్టేదానికి లేదు."

అంతకుముందు నేను మా ఆయనతో అంత గట్టిగా మాట్లాడలేదు. ఆయన సైకిలెక్కాడు.

మధ్యాహ్నానికి ఎవరెవరో పెద్దమనుషులు వచ్చి, ఎండ ముదురుతోంది, బిడ్డను అట్లా ఉంచకూడదు అనడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉంటే నా చేతుల్లోంచి తీసుకుంటారని భయమేసింది. బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని లేచాను. పురుడు గడిచి, స్వాములవారు జపం చెప్పి లోపలికి తీసుకుంటే గాని బాలింత గుడిలో అడుగు పెట్టకూడదని అప్పటి ఆచారం. సరే, లోపలికి పోను, మెట్ల మీద కూర్చుంటానన్నాను. "గాలి సోకి చస్తావే!" అని అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. నేను ఆమె చేతి కిందుగా దూరి వచ్చేశాను.  దారిలో రెండుసార్లు గోడ పట్టుకున్నాను. గుడి మెట్ల మీద కూర్చునేసరికి, వెనకాలే చాప చంకన పెట్టుకుని, నల్లగొడుగు విప్పుకుని తిట్టుకుంటూ అత్త కూడా వచ్చింది. చాప నా కింద వేసి, గొడుగు నా మీద పట్టి, తను ఎండలో కూర్చుంది.

అవ్వ మాత్రం మెట్లెక్కలేదు. కింద ఇసుకలో చతికిలబడింది. ఇంటికి పొమ్మని ఎవరో అంటే, "నేను చేసిన పని చెల్లదంటుండారు. చెల్లిందో లేదో తేలేదాకా నేను యాడికీ పోను," అంది.

నాలుగు గంటలకు సిలువ మార్గానికి జనం రావడం మొదలైంది. గుడిలోకి వెళ్ళాలంటే నన్ను దాటుకునే వెళ్ళాలి. మొదట వచ్చిన ఇద్దరు మగవాళ్ళు పక్కకు చూస్తూ దాటారు. వాళ్ళ వెనక వచ్చిన ఒకావిడ, ఆమెకు పురుడు పోసి ముగ్గురు బిడ్డల్ని పట్టింది అవ్వే, దాటబోయి ఆగి నా పక్కన కూర్చుంది. ఆ తరువాత వచ్చిన ఆడవాళ్ళు మెట్ల మీదా, మెట్లు నిండాక ఇసుకలోనూ కూర్చున్నారు. ఉపదేశిగారు సిలువ పట్టుకుని బయటికి వచ్చి ఇదంతా చూసి, "లెయ్యమ్మా, ఇది ప్రార్థన వేళ," అన్నారు.

నాకంటే ముందు అత్త మాట్లాడింది. పదిహేడు రోజులుగా ఆకూవక్క లేని నోరు అది.

"మా కోడలు లెయ్యదు. దాని పక్కన నేనుండా. నీ సిలువ మార్గం ఇక్కడనే చెప్పు. యేసుసామి మాత్రం బయట ఎండలో నడిచినాడా, గుళ్ళో నీడన నడిచినాడా?"

ఆయన ముఖం ఎర్రబడింది. సిలువను తలుపుకు ఆనించారు. జపాల పుస్తకం తెరిచి, అక్కడే, మా ముందు నిలబడి మొదటి స్థలం చదవడం మొదలుపెట్టారు. మేమంతా బదులు చెప్పాం. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని నేనూ చెప్పాను. తల్లి కొడుకును కలుసుకునే నాలుగో స్థలం దగ్గర ఆయన గొంతు ఆగిపోయింది. దుమ్మేమో అనుకున్నాను.

తొమ్మిదో స్థలం నడుస్తుండగా సైకిలు వచ్చింది. వెనక క్యారేజీ మీద స్వాములవారు, అంగీ అంతా దుమ్ము. ఆయన ఇంట్లో దొరకక మా ఆయన ఇంకో ఊరు వెతుక్కుంటూ వెళ్ళాడట. స్వాములవారు నన్ను చూశారు, బిడ్డ మీది గుడ్డ తొలగించి చూశారు. తరువాత తిన్నగా అవ్వ దగ్గరకు వెళ్ళి ఆమె ఎదుట ఇసుకలో గొంతుక్కూర్చున్నారు.

"ఏం చేసినావో చెప్పు."

"మీరు నేర్పిందే చేసినా సామీ."

"నీళ్ళు తలమీద పారినాయా?"

"పారినాయి. పిలకాయ మొహం చిట్లించినాడు గూడా."

"పోస్తూనే చెప్పినావా? పోసినాక చెప్పినావా?"

"పోస్తూనే. సొరకాయకి చెప్పినట్టే." ఎవరూ నవ్వలేదు. ఆమె ఆ మాటలన్నీ మళ్ళీ, గాల్లో చెంబు వంచుతున్నట్టు చెయ్యి పెట్టి, తప్పు లేకుండా చెప్పింది.

"నువ్వు వీటిని నమ్మవు గదా. ఎందుకు చేసినావు?"

"నాకు నా పోలేరమ్మ తల్లి ఉండాది సామీ. కానీ ఈ బిడ్డ తల్లికి అది కావాల. మీరెట్టా చేస్తారో అట్టనే చెయ్యాలని చేసినా."

స్వాములవారు లేచి అందరివైపూ తిరిగారు. "ఇంతకంటే ఏం కావాలి? నేను పోసినా ఇంతే. ఈ బిడ్డ క్రైస్తవుడు. కంచె లోపల పెట్టండి," అన్నారు.

గుళ్ళో పీఠానికి తపస్సు కాలపు ఊదారంగు గుడ్డలున్న ఆ రోజుల్లో, ఆయన తెల్లపట్టీ మెడలో వేసుకుని బయటికి వచ్చారు. జ్ఞానస్నానం పొందిన పసిబిడ్డకు దుఃఖపు రంగు ఉండదట. గంట కూడా పండగ గంటే కొట్టాలని ఉపదేశిగారితో చెప్పారు. ఆయన వెళ్ళి తాడు పట్టుకుని లాగారు. మా దొడ్లోని కనకాంబరాలు అత్త మాల కట్టి వాడి తలకు చుట్టింది. అంతా అయ్యాక స్వాములవారు జ్ఞానస్నానాల పుస్తకం తెప్పించి, జ్ఞానస్నానం ఇచ్చినవారు అన్న చోట అవ్వ పేరు రాసి పైకి చదివారు. "నా పేరు మీ పుస్తకంలో ఎందుకు సామీ?" అని ఆమె కంగారుపడింది. "పోసింది నువ్వు గదా," అన్నారాయన. మాలో కలవరాదా అని కూడా ఆ నోటితోనే అడిగారు. ఆమె చీర కొంగు దులుపుకుని లేచి, "నేను మీలో కలిస్తే మా పాళెంలో పిలకాయల్ని ఎవురు పడతారు?" అని దిబ్బల వైపు నడిచింది.

ఉపదేశిగారి మీద నా కోపం చల్లారలేదు. యేసు సిలువ మీద పోయిన పవిత్ర శుక్రవారం నాడు బావి దగ్గర ఆయన భార్య నా బిందె పట్టుకుని నిలబడి, వెనకటి ఊళ్ళో తమ తొలి బిడ్డ సంగతి చెప్పింది. అక్కడా మంత్రసాని హిందువే. నీళ్ళు పోస్తానంటే ఈయన వద్దని, స్వాముల కోసం పరుగెత్తారట. తిరిగొచ్చేసరికి ఆడబిడ్డ పోయింది. తన చేతులతోనే కంచె అవతల పెట్టారు. "నీ బిడ్డ లోపలికి పోయిన రోజు నుంచి ఆయనకి కంటి మీద కునుకు లేదక్కా," అంది.  నీళ్ళు తోడి ఆమె బిందె నింపాను. ఆయన్ని అప్పుడే క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. కానీ రెండేళ్ళకు ఆమెకు నొప్పులొస్తే, ఆయనే దిబ్బల మీదుగా పాళేనికి పరుగెత్తి అవ్వను పిలుచుకొచ్చారు. ఆ బిడ్డ గుక్కపట్టి ఏడ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. ఆ తరువాత ఆయన కనబడితే నేను ముఖం తిప్పుకోవడం మానేశాను.

తరువాత నాకు నలుగురు పుట్టారు. నలుగురినీ అవ్వే పట్టింది. ఆమె పోయినప్పుడు మా అత్తా నేనూ పాళెం వెళ్ళి, వాళ్ళ ఆచారం ప్రకారం వాళ్ళేం చెయ్యమంటే అది చేశాం. మాకు ఎవరి అనుమతీ కావలసి రాలేదు. వాడు బతికుంటే ఈపాటికి అరవై దాటి, మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషై ఉండేవాడు. వాడు బతికింది అరగంట కూడా కాదు, కానీ ఆ అరగంటలో వాడికోసం ఒక హిందూ ముసలమ్మ దేవుడితో మాట్లాడింది, ఆ పగటిపూట వాడికోసం ఒక ఊరు మెట్ల మీద కూర్చుంది. నిండా ఎనభై ఏళ్ళు బతికిన నాకు, వాడికి దక్కిన కాలం తక్కువని ఇప్పటికీ ఒప్పుకోబుద్ధి కాదు.