గంగమ్మ ఆపిన కారు

ఊరూరా మైకు పెట్టి దేవుడు లేడని చెప్పే ఒక పెద్ద నాయకుడికి, నడిరోడ్డులో, గంగమ్మ గుడి ముందర, పసుపునీళ్ల స్నానం చేయించిన ఘనుణ్ణి నేను. కావాలని చేసింది కాదు. కావాలని చేసినా అంత బాగా కుదిరేది కాదు. నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. మధ్యలో కారు ఆగుతుంది గానీ కథ ఆగదు.

మాది వేలూరు బజారులో నూలు అంగడి. అంగడి వెనక కొట్టంలో మా తాత ఎప్పుడో కొన్న అమెరికా కారు ఉండేది. నలభైల్లో తయారైన బండి. దానికి గుడ్డ కప్పు, మడిచి వెనక్కి తోసేస్తే మనిషి నిలబడి ఊరంతా చూడొచ్చు. తాత పోయాక కోళ్లు అందులో కాపురం పెట్టాయి. స్టీరింగు ముందు పుంజు, వెనక సీట్లో దాని సంసారం. నాన్న దాన్ని పాత ఇనుముకు వేసేస్తానంటే, నేను అడ్డుపడి బాగుచేస్తానన్నాను. అప్పుడు నేను మంచి వయసులో ఉన్నాను. అంటే నాకు అన్నీ తెలుసు.

కారు విప్పడంలో కష్టమేమీ లేదండీ. ఒక స్పానరూ కాస్త కోపమూ ఉంటే చాలు. మళ్లీ బిగించేటప్పుడే మన బతుకు బయటపడుతుంది. ఎలుకలు కొరికిన వైర్లు మార్చాను, కార్బురేటర్ కిరోసిన్‌తో కడిగాను, లారీ షెడ్డులో అడుక్కుని బ్రేకు రబ్బర్లు తెచ్చాను. చివరికి ఒకరోజు ఇంజను దగ్గి, తుమ్మి, కొట్టం నిండా పొగ వదిలి గుర్రుమంది. నేను గంతులేశాను. కోళ్లు గోడ దూకి పోయాయి. కింద నేలమీద మాత్రం ఒక రేకుముక్క మిగిలింది. రెండు పొరల రేకు, మధ్యలో సందు, అంచున రెండు బెజ్జాలు.

"ఇది యాడిది నాయనా?" అంది మా అవ్వ.

"దండగముక్క అవ్వా. అమెరికావాళ్లకు ఇనుము ఎక్కువ. యాడబడితే ఆడ తగిలిస్తారు."

అవ్వ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మన పాలచట్టికి సరిగ్గా ఉండాదే!" అని వంటింట్లోకి పట్టుకుపోయింది.

ఇక్కడ మీకు వీరాసామి మామను చూపించాలి. గుడియాత్తంలో లుంగీల మగ్గాలు నడిపేవాడు. దేవుడు లేడనే నల్లచొక్కా పార్టీ మనిషి. పంచాంగం చూస్తే పామును చూసినట్టు చూసేవాడు. వేదికెక్కితే గుక్కతిప్పుకోకుండా తమిళం, కిందికి దిగితే తెలుగు. కూతురికి తమిళరసి అని పేరు పెట్టాడు, ఆ పేరుతో పిలిచి తెలుగులో కోప్పడేవాడు. వాళ్లింటికి నూలు మూటలు దించేది నేను. నూలు నాణ్యం చూసుకునేది తమిళరసి. ఒకే మూటను చాలాసేపు చూసేది. నాకూ తొందరేమీ ఉండేది కాదు.

"మా నాయన నిన్ను సామి పిచ్చోడంటాడు," అంది ఒకనాడు. "మా నాయన పార్టీ పెద్ద, తలైవరు, కాట్పాడిలో రైలు దిగతాడు. ఆయన్ని నీ కారులో ఊరేగింపుగా గుడియాత్తానికి తీసుకొనిరా. ఆమీద మా నాయన్ని అడుగు, కాదనడు."

"కారు మధ్యలో ఆగిపోతే?"

"ఆగితే ఇంక ఈ పక్కకు రావద్దు."

ప్రేమంటే అంత స్పష్టంగా ఉండాలి.

ఊరేగింపు రోజు వేలూరు ఎండ తన ప్రతాపమంతా చూపించింది. తలైవరు వెనక సీట్లో నిలబడి చేతులూపుతున్నాడు. ముందు నా పక్కన మామ, భుజాన పార్టీ రంగుల తువాలు. కాట్పాడి నుంచి బండి పరుగెత్తింది. గుడియాత్తం పొలిమేర చేరేసరికి జనం చుట్టుకోవడంతో దాని నడక పెళ్లికూతురి నడకయింది. ఇంజను వేడెక్కింది. దగ్గింది. తుమ్మింది. ఆగింది. ఎక్కడ? సరిగ్గా గంగమ్మ గుడి ముందర. ఆ రోజే అక్కడ అమ్మవారికి అంబలి పోస్తున్నారు.

"ఏమాయె రా?" అన్నాడు మామ.

"పెట్రోలు ఉడుకుతాండాది మామా. తడిగుడ్డ చుడితే లేస్తాది."

"మామా గీమా అనొద్దు. గుడ్డ యాడుండాది?"

ఆయన భుజం మీదే ఉంది. లాక్కుని, బానెట్ ఎత్తి, "నీళ్లు! తొందరగా నీళ్లు!" అని కేకపెట్టాను. బానెట్ కింద నుంచి గుప్పున పొగ లేచింది. గుడి ముందున్న ఆడవాళ్లు అది చూశారు.

"అమ్మ దిగింది! ఉష్ణంతో ఉండాది! పొయ్యండమ్మా!"

వాళ్ల కడవల్లో పసుపు కలిపి వేపాకు వేసిన నీళ్లు. మొదటి కడవ ఇంజనుకు పడింది. రెండోది నాకు. మూడో కడవ పోసిన పెద్దామెకు చేతిబలం ఎక్కువ. అది అద్దం మీదుగా వెళ్లి నేరుగా తలైవరు నెత్తిన పడింది. ఆయన చెవి మీద ఒక వేపరెమ్మ నిలిచింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో బానెట్‌కు కుంకుమ పెట్టారు. ఇంకొకామె హారతిపళ్లెం ఎత్తింది.

"కర్పూరం వద్దు తల్లీ! పెట్రోలు!" అని నేను అరిచిన అరుపు ఆంబూరుదాకా వినిపించి ఉంటుంది.

తడి తువాలు చుట్టి స్టార్టరు నొక్కాను. బండి లేచింది. "చూస్తిరా! అమ్మ కరుణించింది!" అని ఆడవాళ్లు చెంపలు వాయించుకున్నారు. తలైవరు ముఖం తుడుచుకుని ముందుకు వంగాడు. నా ప్రాణం పోయిందనుకున్నాను.

"తంబీ, ఇన్నొరు కుడం కెడైక్కుమా?" అన్నాడు. ఇంకో కడవ దొరుకుతుందా అని అడుగుతున్నాడు మహానుభావుడు!

కానీ మామ నవ్వలేదు. మరునాడు పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికొచ్చి కూర్చున్నాడు.

"తమిళరసి నాకంతా చెప్పింది. పిల్లనిచ్చేదానికి అడ్డం లేదు. కానీ నమ్మకం లేనోళ్ల కారును గంగమ్మ ఆపిందని ఊరంతా చెప్పుకుంటాండారు. నా మగ్గాలకాడ కూడా అదే మాట! నేను తల యాడ పెట్టుకోవాల? బండి ఎందుకు ఆగిందో కారణం చెప్పు. చెప్తే పిల్ల నీది. చెప్పలేకపోతే మా వీధిలోకి రావద్దు."

"ఎండ మామా."

"ఎండ అందరికీ కాసింది. లారీలు పోలేదా? నీ బండిలో మాత్రం పెట్రోలుకు సెగ ఎట్ల తగిలింది?"

తమిళరసి నా కళ్లముందే దూరమైపోతోంది.

"గంగమ్మే ఆపింది నాయనా," అంది అవ్వ సాయం చేయబోయి. మామ పళ్లు కొరికాడు. ఆయన్ని చల్లబరచాలని అవ్వ కుంపటి మీదున్న పాలచట్టి తెచ్చి, మూత చేత్తోనే ఎత్తింది.

"చెయ్యి కాలలేదా అవ్వా?" అన్నాడు మామ.

"కాలదప్పా. కింద పాలు కుతకుతమంటాండినా పైన సల్లగా ఉంటాది. మంచి మూత. మా గోవిందు కారులోది. దండగముక్కంట!"

మామ మూతను చూశాడు. నన్ను చూశాడు. నేను నేలను చూశాను. ఇద్దరం కొట్టంలోకి నడిచాం. పెట్రోలు పంపుకూ పొగగొట్టానికీ మధ్య రెండు మరబెజ్జాలు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మామ పాలు కారుతున్న మూతను అక్కడ ఆనించాడు. బెజ్జానికి బెజ్జం సరిపోయింది. పొగగొట్టం సెగ పెట్రోలుకు తగలకుండా అడ్డం ఉండాల్సిన రేకు అదే.

మొదట ఆయన భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత కొట్టం అదిరేటట్టు నవ్వాడు. "గంగమ్మ కాదు రా! మీ అవ్వ పాలచట్టి ఆపింది కారును!" అని నన్ను ఎత్తి తిప్పాడు. కారణం దొరికిన ఆనందం ఆయనది, పిల్ల దొరికిన ఆనందం నాది. అంత సంతోషం ఆ తర్వాత మళ్లీ నా పెళ్లిరోజునే పొందాను.

పెళ్లి మామ పద్ధతిలోనే జరిగింది. మంత్రాలు చదివే అయ్యవారు లేడు, ముహూర్తం లేదు, తలైవరే పెద్ద. నా కారు వద్దని చెప్పి ఆయన టౌన్‌బస్సులో వచ్చాడు. దండలు మార్చుకున్నాక వధూవరులు మైకు ముందు ప్రమాణం చదవాలి. నా దాంట్లో మామ చివర ఒక వాక్యం కలిపాడు. తమిళరసి చెయ్యి పట్టుకుని, గొంతు సవరించుకుని, నిండు సభలో చదివాను:

"ఇకమీదట నేను విప్పిన ఏ యంత్రంలోనూ ఒక్క ముక్క కూడా మిగల్చనని, మిగిలినదాన్ని దండగ అననని, దాన్ని వంటింటికి పంపనని, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను."

పందిరి చప్పట్లతో మోగిపోయింది. తలైవరు కళ్లు తుడుచుకున్నాడు. ఆ సందడిలో ముందు వరసలోంచి మా అవ్వ లేచి నిలబడింది.

"నువ్వేమన్నా చదువుకో నాయనా, మూత మాత్రం నేనియ్యను!"