శుక్రవారం ఆఖరి పీరియడు

మా సోషల్ మాస్టారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున్న చోడవరంలో బస్సు ఆగేచోట తెలిసింది. కె.కోటపాడు నుంచి దిగిన ఆయన తమ్ముడే చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. నాకు ఏదైనా ముందు కోపంగానే వస్తుంది. ఆ వెనకే భయం వేసింది: ఇక శుక్రవారం క్లాసు ఏమవుతుంది?

తెలియనివారికి ఆ క్లాసు సంగతి చెప్పాలి. పౌరధర్మాలు పుస్తకంలోంచి చదివిస్తే పిల్లలకు నిద్ర వస్తోందని, మాస్టారు శుక్రవారం ఆఖరి పీరియడును ఊరి చేతుల్లో పెట్టేశారు. ఒక వారం పోస్టుమాస్టరు, ఒక వారం పంచాయతీ గుమాస్తా, ఒక వారం గోవాడ చెరకు రైతు, ఒక వారం పురుళ్లు పోసే నర్సమ్మ. "నేనొక్కణ్ణే చెబితే అది నా పాఠం, ఊరంతా చెబితే ఊరి పాఠం" అనేవారు. వచ్చినవాళ్లకు కుర్చీ వేసి, తాను వెనక బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చునేవారు.

నా వంతూ వచ్చింది. దొరికిన కరపత్రమల్లా చదివి ఉన్నానేమో, ప్రజాస్వామ్యం మీద ముప్పావుగంట దంచేశాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలోంచి మాస్టారు చెయ్యెత్తారు.

"బాబూ, మా వీధి కాలవ పూడిపోయింది. అర్జీ ఎవలికి పెట్టాలో సెప్పు."

"ప్రభుత్వానికి!" అన్నాను గట్టిగా.

"అది ఏ ఇంట్లో ఉంటాది బాబూ?"

పిల్లలు గొల్లుమన్నారు. నేను విసవిసా వచ్చేశాను. నెల్లాళ్లు ఆయన ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయాను. కాని ఆ నెలలోనే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి, అర్జీ ఎలా రాయాలో, ఎవరికివ్వాలో గుమాస్తా దగ్గర నేర్చుకుని, ఆ కాలవ మీద అర్జీ పెట్టాను. కాలవ తీశాక మాస్టారే మా గుమ్మంలోకి వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తావు క్లాసుకి?" అన్నారు. అంతే.

దేశంలో తొలి ఎన్నికలు జరిగిన ఏడు బడిలో ఉత్తుత్తి ఓటింగు పెట్టారు. అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక బొమ్మ. నచ్చినవారి పెట్టెలో కాగితం వెయ్యాలి. పిల్లలు ఇళ్లలోని పెద్దవాళ్లను వెంటబెట్టుకొచ్చారు. ఒక ముసలమ్మ పెట్టెకు బొట్టు పెట్టి, కాగితం దాని మీద ఉంచి, దణ్ణం పెట్టి వెళ్లబోయింది.

"ఓటు పాడుచేసేవు! ఇందుకేనా స్వాతంత్ర్యం?" అని అరిచాను.

ఆమె బెదిరిపోయింది. "సర్కారోరి పెట్టి గదా నాయనా, దణ్ణం ఎట్టకుండా ఎలా ఎల్తాను?"

"ఎట్టు తల్లీ, తప్పేటి లేదు" అన్నారు మాస్టారు. "కాగితం మాత్రం లోపల పడెయ్. పైనుంటే గాలికి పోతాది."

ఆమె నవ్వి లోపల వేసింది. తర్వాత మాస్టారు నాతో మెల్లగా, "నువ్వలా కసిరితే మనిషి ఓటు నేర్చుకోదు, నిన్ను చూసి దాక్కుంటాది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు రోజూ పనికొస్తోంది.

ఆయన పోయాక ఆ పీరియడును లెక్కలకు ఇచ్చేస్తారని బజార్లో అనుకున్నారు. నేను ఎనిమిది పేజీల విజ్ఞప్తి రాసుకుని, శుక్రవారం దెబ్బలాటకు సిద్ధపడి బడికి వెళ్లాను. హెడ్మాస్టరుగారు వరండాలోనే ఎదురయ్యారు.

"ఈ క్లాసు ఆపడానికి వీల్లేదు!" అని అరిచాను.

"ఎవలాపేరు? గొంతు తగ్గించు, లోపల పాఠం అవుతోంది. నా వంతెప్పుడంటే నా వంతెప్పుడని పొద్దుట్నుంచి నలుగురొచ్చి అడిగేరు. నీ పేరు కూడా రాసెయ్యమన్నావా?"

ఎనిమిది పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. లోపల నర్సమ్మ, పుట్టిన బిడ్డ పేరు ఊరి రిజిస్టరులో ఎందుకు రాయించాలో చెబుతోంది.

"మీ ఇళ్లల్లో రాయించనోళ్లు ఎవలైనా ఉన్నారా?"

ఒక గుంట పిల్ల లేచింది. "మా తమ్ముడండీ. మూడో నెల."

"మరేటి సూస్తన్నావే? తే ఎల్లి!"

గంట కొట్టాక రోడ్డు మీద చూశాను. ఆ పిల్ల నిద్రపోతున్న తమ్ముణ్ణి చంకనేసుకుని ముందు నడుస్తోంది, క్లాసంతా వెనక నడుస్తోంది. పంచాయతీ ఆఫీసు మెట్ల దగ్గర ఆగి, వాడి మూతి పైట చెంగుతో తుడిచి, జుట్టు సర్ది, లోపలికి వెళ్లింది.