ఏటి రంగు పంచెలు

పోయిన వారం మా ఇంట్లో మంచినీళ్ళ మిషను మొరాయించింది. విజయవాడలో ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ గోడకు ఒకటి వేలాడుతుంటుంది కదా, అదే. బాగుచేయడానికొచ్చిన మెకానిక్ మూత విప్పి లోపలి వడపోత గొట్టం బయటికి తీశాడు. పెట్టినప్పుడు మల్లెపువ్వులా ఉన్నది కాస్తా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. "చూశారా మామ్మగారూ, ఇదంతా మీ పొట్టలోకి పోవాల్సిన మట్టి" అన్నాడు, నన్ను పెద్ద గండం నుంచి తప్పించినట్టు. "ఇంతకు పదింతలు తాగి ఇంతదాన్నయ్యాను నాయనా" అన్నాను. నేను ఆ గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో తిప్పి చూశాను. ఆ రంగును నేనెక్కడున్నా పోల్చుకోగలను. ఒకప్పుడు సరిగ్గా అదే రంగులో మా మగ్గం మీద పంచెలు నేశాం. కావాలని నేసినవి కావు.

మాది మైలవరం దగ్గర మెట్ట ఊరు. మా నాన్న గుడ్డల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాడు. నన్నిచ్చింది మాత్రం బెజవాడకు దిగువన, కృష్ణ గట్టు మీదున్న నేతవాళ్ళ వీధిలో. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. కాపురానికి వెళ్ళేముందు మా అమ్మ నాకు చెప్పిన ధైర్యం ఒక్కటే, "ఏటి ఒడ్డు ఊరు, నీళ్ళకు కరువుండదు" అని. తీరా వెళ్ళింది ఎండాకాలం. గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా ఇసుకే. నీళ్ళెక్కడో అవతలి ఒడ్డున సన్నటి పాయగా మెరుస్తున్నాయి. ఊళ్ళో బావులున్నాయి కానీ ఒకటే ఉప్పన, ఆ నీళ్ళతో పప్పు కూడా ఉడకదు. మా అత్తగారు నా చంకకు బిందె, చేతికి కొబ్బరిచిప్ప ఇచ్చి ఇసుకలోకి నడిపించింది. ఒకచోట కూర్చుని చేతులతో గొయ్యి తీసింది. కాసేపటికి అడుగున నీరు ఊరింది. అదే చెలమ. చిప్పతో తోడి బిందె నింపేసరికి నా నడుము విరిగింది. అత్తగారు మాత్రం ఆ చిప్పలో నీళ్ళు నా నోటికందించి, "ఎట్లా ఉన్నాయ్?" అని అడిగింది, తానే వండిన పాయసం రుచి చూపిస్తున్నట్టు. బాగున్నాయని ఒప్పుకోవడానికి నాకు ఒళ్ళు మండింది. నిజంగానే బాగున్నాయి మరి.

ఆ ఊరి సుఖాలు అలాగే ఒక్కొక్కటిగా, నేను వద్దంటున్నా నాకు అలవాటయ్యాయి. సాయంత్రమయ్యేసరికి వీధి వీధంతా ఇసుకలోకి దిగేది. పగలు కాళ్ళు కాల్చిన ఇసుకే ఆ వేళకు చల్లగా ఒంటికి హాయిగా తగిలేది. ఏటి నడుమ లంకల్లో పండిన కర్బూజాలను రైతులు పడవల్లో తెచ్చి రేవులో పోస్తే ఆ వాసన మా వంటింటిదాకా వచ్చేది. మగ్గాల చప్పుడు ఆగాక ఏటి గాలి చప్పుడు వినబడేది. వానాకాలం వరద నీళ్ళు తాగడం మాత్రం నాకు కొన్నాళ్ళు గండమైంది. ఎర్రటి బురదనీళ్ళు బిందెడు తెచ్చి, చిల్లగింజను సానమీద అరగదీసి ఆ గంధం అందులో కలిపేవాళ్ళు. రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి మట్టంతా అడుగుకు దిగి, పైన నీళ్ళు అద్దంలా తేరేవి. "మీ మెట్టలో చెరువునీళ్ళు తాగుతారు, పాపం" అని మా అత్తగారు అప్పుడప్పుడూ నా మీద జాలిపడేది.

ఆవిడ జాలి అలా ఉండగా, ఇంట్లో అసలు దిగులు వేరే ఉంది. యుద్ధం వచ్చాక నూలు దొరకడం మానేసింది. వీధిలో సగం మగ్గాలు మూగబోయాయి. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీలో మా ఆయనకు పని ఇస్తామని తెలిసినవాళ్ళెవరో కబురంపారు. ఉండటానికి గది కూడా ఇస్తారట. ఆ గది ముందు నీళ్ళ కుళాయి ఉంటుందని విన్న దగ్గర్నుంచీ నా మనసు ఉయ్యూరులోనే ఉంది. మామగారికి మాత్రం ఆ మాటే పడదు. చివరికి తండ్రీ కొడుకులు ఒక ఒప్పందానికొచ్చారు. బెజవాడ షావుకారు ఒక పడుగుకు సరిపడా నూలు ఇస్తానన్నాడు. ఆ పంచెలు ఆయనకు నచ్చి మళ్ళీ నూలిస్తే సరే, ఇక్కడే ఉంటాం. లేదంటే, "ఈ మగ్గం గుంట నా చేత్తో నేనే పూడ్చేస్తా. నువ్వు ఉయ్యూరు వెళ్ళు" అన్నాడు మామగారు. ఆ మాట ఆయన కొడుకుతో కాక, తాను రోజూ దిగి కూర్చుని నేసే ఆ గుంటతో చెప్పినట్టు, దానివైపే చూస్తూ అన్నాడు.

నూలొచ్చింది. మగ్గానికి నిలువు పోగులుగా ఎక్కించే పడుగు తోడడం పూర్తయింది. ఇక గంజి పెట్టాలి. మా వీధిలో ఆ పని ఒక ఇంటిది కాదు. తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా సాచి కట్టి, గంజి పట్టించి, అది ఆరేలోగా కుంచెలతో ఒక్కొక్క పోగూ విడేలా దువ్వాలి. దానికి ప్రతి ఇంటినుంచీ ఒక మనిషి రావాలి. పడుగు సాచిన పూట ఎంత గొప్పవాడి బండైనా వీధి చివర ఆగి ఉండాల్సిందే. గంజి కాచడానికి మా అత్తగారు ముందు రోజే చెలమ నీళ్ళు తోడి గంగాళం నింపి మూతపెట్టింది. తెల్ల పంచెల పడుగు కదా, నీళ్ళలో నలక ఉండకూడదని మామగారు మూత తీసి మరీ చూసుకున్నాడు.

ఆ తెల్లవారుజామున మేం బిందెలతో రేవుకు వెళ్ళేసరికి ఇసుక లేదు. రాత్రికి రాత్రి ఏరొచ్చేసింది. చెలమలన్నీ మునిగిపోయి, గట్టు కింద ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. మా అత్తగారి ముఖం చూడాలి ఆ వేళ! పుట్టింటివాళ్ళు వచ్చినా అంత సంబరపడి ఉండదు. పసుపు కుంకుమ నీళ్ళలో వదిలి, దణ్ణం పెట్టి, బిందె నింపుకుని గబగబా ఇంటికొచ్చింది. కొత్త నీరు వచ్చిన రోజు ఇంట్లో పాత నీరు ఉండకూడదని వాళ్ళ ఆచారం. ఉంటే ఏరు అలుగుతుందట. కుండలో నీళ్ళు, తొట్టిలో నీళ్ళు, వాటితోపాటు గంగాళంలోని చెలమ నీళ్ళు కూడా అరటి మొక్కలకు పారబోసి, గంగాళం నిండా కొత్త నీరు పోసింది. చిల్లగింజ అరగదీసి కలిపింది కూడా. కానీ వీధిలో పడుగు సాచేశారు, కుంచెలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు, ఎండ వస్తే పని చెడుతుంది. కాసేపు ఆగి పైపైన నీళ్ళు ముంచి ఎసట్లో పోసింది. "ఇంకా తేరలేదేమో అత్తయ్యా" అన్నాను. "తేరినయ్ లే అమ్మాయ్. చీకట్లో నీకట్లా అనిపిస్తోంది" అంది.

చీకట్లో అందరికీ బాగానే అనిపించింది. తడిమీద రంగు తెలియదు కదా. పడుగు ఆరుతూ, ఎండ దానిమీద పడేసరికి ఒక్కొక్కరే కుంచెలు ఆపారు. వీధి పొడవునా తెల్లగా ఉండాల్సిన పడుగు లేత ఎరుపుగా ఉంది. మామగారు ఒక పోగు వేళ్ళమధ్య నలిపి చూసుకుని, "ఏమేవ్, చెలమ నీళ్ళేమైనయ్?" అన్నాడు. "కొత్త నీరొచ్చిందండీ" అంది అత్తగారు. ఆ ఆచారం ఆవిడకు నేర్పింది ఆయన కన్నతల్లే. ఇక ఏం తిడతాడు? గంజి పెట్టిన పడుగును మళ్ళీ ఉతికితే పోగులన్నీ చిక్కుపడిపోతాయి. కాసేపు అరుగుమీద కూర్చుని లేచి, "పేక నూలు కూడా ఆ నీళ్ళలోనే తడపండి. నిలువొక రంగూ అడ్డమొక రంగూ అయితే మరీ అసహ్యం" అన్నాడు. అలా తెలిసి తెలిసి ఆ రంగులోనే నెలరోజులు నేశారు. ఆ నెలంతా మా అత్తగారు ఎవరికీ నీళ్ళ గురించి గొప్పలు చెప్పలేదు.

బెజవాడ షావుకారు మూట విప్పి చూసి, "తెల్లవీ కాదు, కావివీ కాదు. ఇవి ఎవరు కట్టాలండీ? సంసారులా, సన్నాసులా?" అని మూట తిప్పి కట్టించాడట. మళ్ళీ నూలిచ్చే మాట ఎత్తనే లేదు. ఇంటికొచ్చి మామగారు అన్నం తినలేదు. పెరట్లోకి వెళ్ళి పార వెతకడం మొదలుపెట్టాడు. పార దేనికో అందరికీ తెలుసు. అత్తగారు ఆయన్ను ఆపలేదు, ఏడవలేదు. మూటలోంచి ఒక పంచె లాగి చంకన పెట్టుకుని రేవుకు బయల్దేరింది. నేను వెనకే వెళ్ళాను. మెట్టుమీద కూర్చుని ఆ పంచెను బాది బాది ఉతికింది, ఆ ఎర్రటి వరదనీళ్ళలోనే! ఉతికినకొద్దీ అది ఇంకాస్త ఎర్రబడింది.

లంకకు పడవ నడిపే ఆయన అక్కడే గెడకర్రకు ఆనుకుని చూస్తున్నాడు. అత్తగారిని "అక్కా" అని పిలిచేవాడు. సంగతి అడిగి తెలుసుకుని, తాను కట్టుకున్న పంచె కొంగు ఎత్తి చూపించాడు. "ఇది నిరుడు కొన్నప్పుడు తెల్లటిదే అక్కా. ఈ ఏట్లో రెండు ఉతుకులకి ఏమైందో చూడు. మీరు ముందే రంగేసి ఇచ్చారు, అంతేగా? నాకొక జత ఇప్పించు" అన్నాడు. నేను అప్పుడు రేవంతా చూశాను. స్నానాలు చేసేవాళ్ళు, పడవెక్కేవాళ్ళు, గట్టున పంచెలు ఆరేసుకునేవాళ్ళు, ఒక్కరి ఒంటిమీద తెల్లగుడ్డ లేదు. ఆ ఊళ్ళో అందరూ ఏటి రంగే కట్టుకున్నారు. రోజూ చూసే రంగు కాబట్టి మాకెవరికీ అది కనబడలేదు, అంతే.

పడవాయన అత్తగారి వెంటే ఇంటికొచ్చి, గుంట పక్కన పార పట్టుకుని నిలబడ్డ మామగారితో, "బావా, ఆ పార అవతల పెట్టి నాకు పంచె తియ్యి" అన్నాడు. తర్వాత లంక రైతులొచ్చారు. మూట ఊళ్ళోనే ఖాళీ అయింది. ఆ డబ్బుతో మామగారు పాత నూలు బాకీ తీర్చి, మరో షావుకారు దగ్గర మళ్ళీ నూలు తెచ్చుకున్నాడు. అత్తగారు ఒక్క జత మాత్రం కొడుకు కోసం దాచింది. నూలొచ్చిన సాయంత్రం మా ఆయన నన్ను గట్టుమీదికి తీసుకెళ్ళి, "ఏమంటావ్? నీకు కుళాయి కావాలంటే ఇప్పటికైనా ఉయ్యూరు వెళ్దాం" అన్నాడు. నా మనసులో మాట నేనెవరితోనూ అనలేదు, ఎలా కనిపెట్టాడో. "కుళాయి ఎక్కడికి పోతుందిలెండి, చూద్దాం" అన్నాను. ఆ మాట అన్నాక నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఎర్రటి ఏరు చూస్తూ, ఇది నా ఊరు అని మొదటిసారి అనుకున్నాను.

మామగారు కళ్ళు కనబడినన్నాళ్ళూ ఆ గుంటలోనే కూర్చుని నేశాడు. ఏటా కొత్త నీరు రాగానే, "పడుగులున్నాయా ఇంట్లో, చూసి పారబొయ్యి" అని అత్తగారిని ఏడిపించేవాడు. వాళ్ళు పోయాక చాలా ఏళ్ళకు మేం పిల్లల దగ్గరికి విజయవాడ వచ్చేశాం. మా ఆయన ఆ జతలో ఒక పంచె చిరిగిపోయేదాకా కట్టాడు. రెండోది అపురూపంగా పండగపూట కట్టుకునేవాడు. ఆయన పోయాక దాన్ని నేను అప్పుడప్పుడూ కుళాయి కింద ఉతికి, ఆరేసి, మడిచి మళ్ళీ పెట్టెలో పెడుతుంటాను. మెకానిక్ వెళ్ళిపోయాక, రంగు సరిచూద్దామని ఆ పంచె తీసి గొట్టం పక్కన పెట్టాను. ఇన్నేళ్ళూ ఎలా గమనించలేదో, పంచెలో ఎరుపు ఎక్కడా లేదు. మామగారు ఆ పొద్దున వీధి పొడవునా చూడాలనుకున్న తెలుపు, సరిగ్గా అంత తెలుపు. మెచ్చుకోవడానికి నేసినవాడూ, కట్టుకోవడానికి మా ఆయనా లేకుండా పోయాక, కాలం ఆ తెలుపును తీరిగ్గా తెచ్చి నా ఒక్కదాని చేతిలో పెట్టింది.