అకోత్ కోసం ఆగే పాట

మా బావ ఒబురా నోట్లో నాలుక లేని మనిషి. సరస్సు ఒడ్డున, కిసుము ఊరి అంచున ఉన్న డుంగా రేవులో ఎవర్నడిగినా ఇదే మాట చెబుతారు. పడవలు కడతాడు. పడవ కట్టించుకోవడానికి వచ్చినవాడు గంటసేపు వాగినా ఈయన "ఊఁ" అంటాడు, ఉలి అందుకుంటాడు, అంతే. ఆ పక్కనే నేను చేపలు వేయించి అమ్ముతాను. నా పేరు అపోండి. మా అక్క అకోత్ ఆయన భార్య. ఆయన మాట్లాడవలసిన మాటలు కూడా మేమిద్దరమే మాట్లాడేసేవాళ్లం, మాకేమీ బరువనిపించలేదు.

మాట రాకపోతేనేం, వేళ్లకు వచ్చింది. చిన్నప్పుడు నూనె డబ్బాకి చెక్క బిగించి, వాళ్ల నాన్న వలలోంచి దారాలు లాగి తీగలుగా కట్టి గిటారు చేసుకున్నాడట. వల పాడుచేసినందుకు వీపు చిట్లింది. అయినా వాయించడం మానలేదు. మీసాలొచ్చేసరికి ఒక బెంగా బ్యాండులో రెండో గిటారు వాయిస్తున్నాడు. బెంగా మా లువో వాళ్ల సంగీతం. పాడేవాడి వెనక గిటారు ఊరికే నడవదు, వాడి మాటకు మాట బదులిస్తూ గంతులేస్తుంది.

ఆ ఆటపాటల్లో మాకొక పద్ధతుంది. పాట మంచి ఊపు మీదుండగా జనంలోంచి ఎవరో చెయ్యెత్తి "ఆపండి!" అంటారు. బ్యాండు ఠక్కున ఆగాలి. లేచినవాడు తన గొప్ప చెప్పుకుంటాడు, తనవాళ్ల గొప్ప చెబుతాడు, ఎవర్నో గిల్లుతాడు, అందర్నీ నవ్విస్తాడు. చివర్న "ఇక వాయించండి" అంటాడు. అప్పుడు గిటారు ముందుకన్నా జోరుగా దూకుతుంది. ఎవరైనా లేవొచ్చు, ఒక్క వాయించేవాడు తప్ప. వాడు ఆగినప్పుడు కూడా తీగల మీద చేతులుంచుకుని ఎదుటివాడి మాట ఎప్పుడైపోతుందా అని కాచుకోవాలి.

మా ఊరు అసెంబోలో ఒక పెళ్లికి ఆ బ్యాండు వచ్చింది. పాట మధ్యలో మా అక్క లేచింది. పెళ్లికాని పిల్ల! మా అమ్మ కొంగు పట్టుకుని లాగుతోంది, ఇది వింటేగా.

"ఆపండి! నేను అసెంబో అకోత్‌ని. నేను రేవుకెళ్తే నన్ను చూడ్డానికి సరస్సే రెండడుగులు ముందుకొస్తుంది. ఇంతమంది చూస్తుంటే ఆ రెండో గిటారు అబ్బాయొక్కడే తల దించుకున్నాడు. పాపం మెడ పట్టేసిందేమో, ఎవరైనా కాస్త నూనె రాయండర్రా!"

జనం విరగబడి నవ్వారు. బావ తలెత్తి చూశాడు. చూసినవాడు మళ్లీ ఎటూ చూడలేదు. పంట ఇంటికొచ్చేలోపు పెళ్లయిపోయింది.

ఆ తర్వాత అక్క కోసం ఒక వరుస కట్టాడు. మాటల్లేని పాట. అందులో ఒకచోట తానే ఆగిపోతాడు. అది అక్క చోటు. ఏ ఊళ్లో వాయించినా ఆ చోట అక్క లేచేది, ప్రతిసారీ కొత్త మాట చెప్పేది. ఈయన మాత్రం ఒక్కనాడూ బదులు చెప్పలేదు.

"నేనంటే ఇష్టమో కాదో ఒక్కసారి నోరు విప్పి చెప్పొచ్చు కదయ్యా! నీ సొమ్మేం పోతుంది?" అని అక్క దెప్పేది.

"వాయిస్తున్నాగా" అనేవాడు.

కిందటేడు పెద్ద వానల్లో అక్కకు జ్వరం వచ్చింది, మళ్లీ లేవలేదు. పాతిపెట్టే ముందు, భర్తగా నాలుగు మాటలు చెప్పమని పెద్దలు బావని నిలబెట్టారు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. అంతమంది ముందు అలా నిలబడే ఉన్నాడు. చివరికి పాస్టరుగారే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ రోజు నాకు ఆయన మీద ఒళ్లు మండిపోయింది. ఇరవై రకాల పడవలు కట్టే చేతులున్నాయి, పెళ్లానికి ఒక్క మాట కట్టలేకపోయాడు. ఇంటికొచ్చి గిటారుని అక్క పైగుడ్డలో చుట్టి మేకుకు తగిలించాడు.

అలాంటి ఇంటికి బెంటా వచ్చింది. మాకు చుట్టం కాదు, బావ గిటారు గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చిన కాలేజీ పిల్ల, నైరోబీలో పెరిగింది. తనూ ఇంకో ముగ్గురూ కలిసి ఒక రాక్ బ్యాండు పెట్టుకున్నారు. అరుపులు ఎక్కువే గాని, అబద్ధమెందుకు, పిల్లది మంచి గొంతు. ఏ కంపెనీ వెనక లేకుండా సొంతంగా తొలి ఆల్బమ్ చేసుకుంటున్నారట.

"తాతా, మా ఆల్బమ్‌లో నీ గిటారు ఉండాలి."

"ఊఁ" అన్నాడు బావ, చెక్క చిత్రిక పడుతూ.

"ఆ ఊఁకి కాదని అర్థమే తల్లీ. చేప తినేసి బయల్దేరు" అన్నాను.

"మరి అవునని ఎలా అంటాడు అమ్మమ్మా?"

"అమ్మమ్మేంటే! నా జుట్టింకా నల్లగానే ఉంది, పిన్నీ అను."

పిల్ల పట్టు వదల్లేదు. వచ్చినప్పుడల్లా చేప తినడం, బావ పక్కన చెక్కపొట్టులో కూర్చోవడం. ఒకనాడు బావే నోరు విప్పాడు.

"ఈ రికార్డు... నేను పోయాక కూడా ఉంటుందా?"

"ఉంటుంది తాతా."

"అయితే అకోత్ పాట వాయిస్తా."

స్టూడియో అంటే సెల్‌ఫోన్ల కొట్టు మీద ఒక గది. గోడల నిండా గుడ్ల అట్టలు, పరుపులు. అద్దం వెనక రికార్డు చేసే కుర్రాడు కిమెయు. బావకి అన్నం పట్టుకెళ్లే వంకతో నేనూ మూల కూర్చున్నాను. పాట మొదలైంది. ఓర్నాయనో, ఎన్నాళ్లకు విన్నాను ఆ వేళ్లని! వెనక డప్పులు, పక్కన పిల్లల గిటార్లు గరగరలాడుతున్నా బావ వరుస వాటి మధ్యనుంచి నీళ్లలా దారి చేసుకుంటోంది. అక్క చోటు వచ్చింది. బావ ఆగాడు. డప్పులవాడు ఆగలేక తడబడి కర్రలు జారవిడిచాడు.

"ఏమైంది తాతా?"

"ఏం కాలేదు. అక్కడ ఆగాలి."

మళ్లీ మొదలెట్టారు. మళ్లీ అక్కడే ఆగాడు. కిమెయు అద్దం వెనకనుంచి విసుక్కున్నాడు. "ముసలాయన మర్చిపోతున్నట్టున్నాడు. పర్లేదు, ఆ ఖాళీ కోసేసి రెండు కొసలూ అతికిస్తా. వినేవాడికి తెలీదు."

"నీ మొహం అతికించుకో!" అన్నాను. ఉండబట్టలేకపోయాను.

బావ గిటారుని పైగుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. "అది కోసేసేటట్టయితే నన్నూ తీసెయ్యండి."

బెంటా ఆయన ముందు నేల మీద కూర్చుంది. కళ్లలో నీళ్లు. "తాతా, అంతసేపు చప్పుడు లేకపోతే రేడియోవాళ్లు వెయ్యరు. పాట అయిపోయిందనుకుని జనం మార్చేస్తారు. ఇది మా మొదటి ఆల్బమ్. ఇది పోతే రెండోది ఉండదు."

పిల్ల చెప్పినదాంట్లో తప్పేముంది? బావ మాత్రం పైగుడ్డ ముడి వేస్తూనే ఉన్నాడు. ఇక నేనే నోరు విప్పాను. పెళ్లిలో అక్క లేచిన సంగతి, మెడనొప్పి సంగతి, ఆ చోటు సంగతి అన్నీ చెప్పాను. బెంటా ముక్కు తుడుచుకుంది.

"అయితే పిన్నీ, అక్కడ నువ్వు లేచి చెప్పు. రికార్డు చేసేస్తాం."

సరేనని మైకు ముందు నిలబడ్డాను. రేవులో నా నోటికి భయపడి పిల్లులే పక్కకు తప్పుకుంటాయి. అలాంటిది, పాట ఆగేసరికి నా నోరు పెగల్లేదు. అది అక్క చోటు. అక్కడ నిలబడి నేనేం గొప్పలు చెప్పుకోను? అద్దం అవతల కిమెయు కూడా తల దించుకున్నాడు.

బెంటా లేచింది. "ఖాళీగానే ఉంచుదాం. రేడియోవాళ్లు వెయ్యకపోతే మానె."

ఈసారి అందరూ ఆయనతో పాటే ఆగారు. డప్పులవాడు కర్రలు ఒళ్లో పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. ఆ ఖాళీలో నా దగ్గొకటి పడింది. తుడిచేస్తానని కిమెయు అంటే బావ వద్దన్నాడు.

ఆల్బమ్ బయటికొచ్చింది. పిల్ల చెప్పినట్టే అయింది, మిగతా పాటలు రేడియోలో వచ్చాయి, ఇదొక్కటే రాలేదు. ఏదో పత్రికలో ఆఫ్రికా సంగీతం కలిపిన రాక్ అని మెచ్చుకుంటూ రాశారట. కిసుములో కూర్చుని ఆఫ్రికా కలపడమేమిటో! సరస్సులో నీళ్లు కలిపామన్నట్టుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం బెంటా స్పీకరు పట్టుకుని మా రేవుకే వచ్చింది. చేపలు తినేవాళ్లూ వలలు బాగుచేసేవాళ్లూ అందరూ మూగారు. అక్క పాట పెట్టింది. ఖాళీ రాగానే, ఎవరూ చెప్పకుండానే, జాలరి వసొంగా చెయ్యెత్తాడు. "నేను డుంగా వసొంగాని! చేపలు నా వలలోకి వరసలో నిలబడి వస్తాయి!" అన్నాడు. "మరి నిన్న ఖాళీ బుట్టతో వచ్చావేం, వరస తప్పాయా?" అన్నాను. అందరూ నవ్వుతుండగానే గిటారు దూకేసింది. మా వాళ్లకి రేడియో ఎందుకు, ఖాళీ కనబడితే చాలు.

"మళ్లీ పెట్టమ్మా" అన్నాడెవరో. మళ్లీ పెట్టింది.

ఈసారి అక్క చోటు వచ్చేసరికి బావ లేచి నిలబడ్డాడు. ఆయన చేతుల్లో గిటారు లేదు. అది స్పీకరులో ఉంది. చేతులు ఏం చెయ్యాలో తెలియక ప్యాంటుకి తుడుచుకున్నాడు. రేవంతా ఆయన్నే చూస్తోంది.

"నేను... ఒబురాని" అన్నాడు.

అంతే, స్పీకరులోంచి ఆయన గిటారే ఆయన మాట మీద పడిపోయింది. బావ సగం కూర్చోబోయాడు. నాకు పాతిపెట్టిన రోజు కళ్లముందు మెదిలింది. చేపల నూనె చేత్తోనే ఒక్క ఉదుటున వెళ్లి మీట నొక్కేశాను.

"ఆపండి! మనిషి మాట్లాడుతుంటే కనబడటం లేదూ!"

పాట ఆగింది. బావ నా వంక చూశాడు, తర్వాత నీళ్ల వంక చూశాడు.

"నేను ఒబురాని. అసెంబో అకోత్ మొగుణ్ని. ఆ రోజు నాకు మెడ పట్టెయ్యలేదే. తలెత్తి నిన్ను చూస్తే వేళ్లు తప్పుతాయని దించుకున్నా. ఇష్టమా అని అడిగేదానివి. ఇష్టమే. చాలా ఇష్టమే అకోత్. చెప్పడానికి చేతులు ఖాళీ లేకపోయాయి."

ఇంకేమైనా మిగిలిందేమోనని వెతుక్కున్నట్టున్నాడు. అప్పుడు మెల్లిగా అన్నాడు, "ఇక వాయించండి."

నేను కళ్లు తుడుచుకుని మీట నొక్కాను.