సోమన్న స్తంభం దిగేదాకా

పదవీ విరమణకు ముందు రెండో వానాకాలంలో నన్ను హుకుంపేట సెక్షన్‌కు విద్యుత్ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. చేరిన నెలలోనే గాలివానకు కొండల మీద చెట్లు విరిగిపడి, సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే నాలుగు లైన్లూ తెగిపోయాయి.

మేమంతా పెద్దసారు అని పిలిచే డివిజనల్ ఇంజనీరు ఆఫీసులో కూర్చుని నాలుగింటినీ ఒకేసారి బాగుచేయించాలన్నాడు. చేతిలో రెండు ఫోన్లు, ఎదురుగా వీడియో కాన్ఫరెన్సు, వాట్సాప్‌లో పని ఫొటోలు పంపమని మాకు ఆర్డర్లు. ఒకేసారి పది పనులు చక్కబెట్టగలనని ప్రతి సమావేశంలోనూ చెప్పుకొనేవాడు. ఆ పదింటిలో పూర్తయిందేదో మేమెప్పుడూ చూడలేదు.

నేను మనుషులందరినీ ఆ నాలుగింటిలో ఆసుపత్రికి వెళ్లే లైను మీదే పెట్టాను. లైన్‌మన్ సోమన్న సబ్‌స్టేషన్ నుంచి 'లైన్ క్లియర్' తీసుకున్నాడు. అంటే కరెంటు ఆపి, ఆ లైనును అతని పేరిట అప్పగించారన్నమాట. పని ముగిశాక అతనే తిరిగి అప్పగించాలి. అంతవరకూ కరెంటు ఇమ్మనే అధికారం ఎవరికీ లేదు.

"నాను దిగినానని నానే సెప్తాను సార్. మరెవులు సెప్పినా ఇనొద్దని ఆ గుంటకి సెప్పండి," అని స్తంభం ఎక్కాడు. ఆ గుంట, అంటే ఆ అమ్మాయి, సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్ లక్ష్మి.

కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

"సార్, పెద్దసారు బేగి కరెంటు ఇచ్చీమంతన్నారు. లైను బాగైపోనాదని మీటింగులో సెప్పీసారట. ఏటి సెయ్యమంటారు?"

తలెత్తి చూశాను. సోమన్న రెండు చేతులతో తీగ పట్టుకుని ఉన్నాడు.

"ఇవ్వకమ్మా. స్విచ్ దగ్గరికే వెళ్లకు."

"ఎల్నండి. లైను సోమన్న పేరు మీదున్నాదని ఆయనకీ సెప్పీసినాను."

వెంటనే పెద్దసారే నాకు ఫోన్ చేశాడు. నాలుగు పనులు చూసుకోలేని వాడివి ఇంజనీరువెలా అయ్యావని అరిచాడు. స్తంభం మీద మనిషి ఉన్నాడని చెప్పి ఫోన్ పెట్టేశాను.

పని ముగించి దిగిన సోమన్నకు జరిగింది చెప్పాను.

"నాను పైనుండగానే?" అని మాత్రం అడిగాడు. తర్వాత లక్ష్మికి ఫోన్ చేసి లైను అప్పగించాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో దీపాలు వెలిగాయి. మిగతా మూడూ ఒకదాని తర్వాత ఒకటి పూర్తిచేశాం. పెద్దసారు మాట విని తమ లైన్లన్నిటికీ ఒకేసారి మనుషుల్ని పంచిన పక్క సెక్షన్ మా తర్వాత చాలా రోజులు చీకట్లోనే ఉంది. వీడియో కాన్ఫరెన్సుకు రానందుకు మెమో మాత్రం నాకొచ్చింది.

పనులన్నీ మీద పడినప్పుడు ఏది ముందో తేల్చుకుని, అది ముగిసేదాకా తక్కినవాటికి చెవి ఇవ్వకూడదని ఆ రోజు నా మనసులో స్థిరపడింది. పెద్దసారు ఏమీ నేర్చుకోలేదు. ఆయన పదోన్నతికి అది అడ్డూ రాలేదు.