ఏడో జెండా, ఐదో జెండా

ఆకాశంలోని నక్షత్రాలను లెక్కపెట్టి ఒక్కొక్కదానికి దాని చోటు చూపించిన నా తండ్రికి స్తోత్రం! నా నోట ఇంకో మాట రాకముందే ఆయనకే మహిమ!

మొన్న ఆదివారం ఆత్మకూరులో ఆరాధన అయ్యాక మా అక్క కూతురు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద రెండు వరుసల అంకెలు. పైన 1, 3, 5, 6, 8, 10, 11. కింద 2, 4, 7, 9, 12. "మామా, ఇది మా అమ్మ జెండాల లెక్క గదా! కాలేజీలో పాఠంగా చెప్తా ఉండారు!" అంది. మోకాళ్ల నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాను.

మా అక్క ఉదయగిరి పిల్ల, ఆత్మకూరు కోడలు, లెక్కల టీచరు. కోత పండుగలో ఎవరు ముందు సాక్ష్యం చెప్పాలన్న తగువుతో ఆ రెండు ఊళ్ల సంఘాలూ కలిసి పండుగ చేయడం మానేశాయి. మా నాయనా, అక్క మామగారూ ఇద్దరూ సంఘపెద్దలే. ఒకరి గడప ఒకరు తొక్కేవారు కాదు. పండుగ వస్తే గుమ్మడికాయ చంకనబెట్టుకుని రెండు గుళ్లకూ తిరిగేది అక్క ఒక్కతే. ఒక ఏడు ఎట్లాగో ఇద్దరినీ ఒప్పించింది. "ఇదే ఆఖరు, మళ్లీ అడగబాకు" అన్నారు ఇద్దరూ.

మా పండుగలో ఒక ఆచారం ఉంది. గుడి గేటు నుంచి రోడ్డు వెంట తాడుతో కొలుస్తూ జెండాలు పాతుతారు. ఒక్కో జెండా కింద ఒక్కో కుటుంబం తన పంటతో నిలబడుతుంది. గేటు నుంచి వరుసగా సాక్ష్యాలు. ఉదయగిరి వాళ్లు ఎక్కువమంది కాబట్టి వాళ్లకు తాడుకొక జెండా, ఆత్మకూరు వాళ్లకు తాడున్నరకొకటి అని పండుగ పనులు చూసే డీకను తేల్చాడు. అంతే! వీళ్ల మూడోదీ వాళ్ల రెండోదీ ఒకే గుంతలో పడ్డాయి.

"మా గుంతలో మీ జెండా ఏందయ్యా?" అన్నాడు నాయన.

"గుంత మీ తాత తవ్విపెట్టినాడా?" అన్నాడు మామగారు.

రెండు వైపులా సజ్జ కంకులు మళ్లీ మూటలకెక్కుతున్నాయి. అక్క పరుగెత్తింది. "ఉండు నాయనా! మామా, మీరూ ఉండండి!" అంటూ పక్కనున్న కోసిన మడిలో తాడు పొడవు భుజాలతో చతురస్రం గీసి, మూల నుంచి మూలకు ఇంకో తాడు లాగి తెంచింది. "ఆత్మకూరుకు ఇదీ కొలత. ఈ రోడ్డు కడపటిదాకా పాతండి. రెండు జెండాలు ఒక్కచోట పడితే నా పేరు మార్చండి!"

భుజం కొలతను ఎన్ని సమాన ముక్కలు చేసి, ఆ ముక్కతో ఈ మూల కొలతను కొలిచినా సరిగ్గా సరిపోదట. అందుకే రెండూ ఎక్కడా కలవవు, గేటు నుంచి లెక్కపెడితే ఒక్కో అంకె ఒక్కో ఇంటికే వస్తుంది. ఫోనులో పై వరుస ఉదయగిరి వంతులు, కింది వరుస ఆత్మకూరు వంతులు. అక్క చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇది దేవుడు కాక ఎవరు అమర్చగలరు!

పాతుకుంటూ పోయారు. ఉదయగిరి ఏడో జెండా మా నాయనది. ఆత్మకూరు ఐదో జెండా మామగారిది. తాడు లాగుతుంటే డీకను అరిచాడు. "తగలతాయమ్మా, తగలతాయి!" అక్క పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో లెక్కో తెలియదు. జెండా దిగింది. రెండింటి మధ్యా ఒక మనిషి పట్టేంత సందు మిగిలింది! అక్క నవ్వుతూ వెళ్లి అందులో నిలబడింది.

పదకొండో సాక్ష్యం నాయనది. ముగించి, పక్కకు చూసి, గొంతు సవరించుకున్నాడు. "తరువాత మా వియ్యంకుడు చెప్తాడు" అన్నాడు. వియ్యంకుడన్న మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో! మామగారు సాక్ష్యం మరిచిపోయి కీర్తన ఎత్తుకున్నాడు, రెండు సంఘాలూ అందుకున్నాయి.

ఈ ఏడు మర్రిపాడు సంఘం కూడా వస్తామంటోంది. ఆ రెండింటితోనూ ఎక్కడా కలవని మూడో తాడు కోసం అక్క వెతుకుతోంది, ఫోనులోని ఆ అంకెలకు మూడో వరుస చేరాలి. మర్రిపాడు వాళ్ల కోసం మీరూ మాతో కలిసి మోకరించి ప్రార్థించండి. వియ్యంకులిద్దరూ ఇప్పుడు ప్రభువు దగ్గరున్నారు. అలిగి గడిపిన ఏళ్లు అంత పొడవుగా ఉండి, కలిసి పాడిన ఏళ్లు ఇంత పొట్టిగా ఎందుకున్నాయో, కాలాన్ని కొలిచే ఆయనకే తెలుసు.